మీనా టైపు యంత్రమును తెర యేల దాచెను?

నవలయందు తన బుద్ధిబలముచే నిలిచిన స్త్రీ, ఆ నవల చలనచిత్రముగా మారునప్పుడు తరచుగా ఆ బుద్ధినే పోగొట్టుకొనుచున్నది. అందము మిగులును, కన్నీరు మిగులును, ప్రేమయు మిగులును. ఆమె చేసిన పని మాత్రము మాయమగును. ఈ మాట పెక్కు కథలకు వర్తించునదే యైనను, రక్తపిశాచుల కథలయందు మిక్కిలి స్పష్టముగా కానవచ్చుచున్నది. అట్టి కథలలో లోకప్రసిద్ధమైన ‘డ్రాకులా’ నవలను, అందలి మీనా యను స్త్రీని నిదర్శనముగా గైకొని ఈ విషయమును విచారింప దలచితిని. దయ్యముల కథకు విద్యాలయ సంచికలో చోటేల యని పెద్దలు శంకింపవచ్చును. మన బాలబాలికలు ఇట్టి కథలను నేడు సెల్‌ఫోనులలోనే చూచుచున్నారు. చూడవద్దని చెప్పి యూరకుండుటకంటె, ఎట్లు చూడవలయునో నేర్పుట మేలని నా యభిప్రాయము.

మొదట కథను సంగ్రహముగా చెప్పెదను. ఐర్లండు దేశీయుడైన బ్రామ్ స్టోకరు ఈ నవలను 1897వ సంవత్సరమున ప్రకటించెను. ట్రాన్సిల్వేనియా కొండలలో ఒక పాడుకోటయందు డ్రాకులా ప్రభువు నివసించుచుండును. వాడు చచ్చియు చావక, జీవించినవారి నెత్తురు త్రాగి బ్రతుకువాడు. ఇంగ్లండులో ఇల్లు కొనదలచి జోనాథన్ హార్కరు అను యువ న్యాయవాదిని తన కోటకు రప్పించి, అతనిని అచ్చట బంధించి, తాను ఓడనెక్కి ఇంగ్లండు చేరును. ఆ హార్కరునకు నిశ్చయమైన కన్యయే మీనా మర్రే.

మీనా ధనవంతుల బిడ్డ కాదు. ఒక బాలికా పాఠశాలలో సహాయోపాధ్యాయినిగా పనిచేసి జీవించుచుండును. వివాహానంతరము భర్త వృత్తికి తోడ్పడవలెనని షార్టుహాండు నేర్చెను. టైపు యంత్రముపై దినదినమును అభ్యాసము చేసెను. ఆ దినములలో టైపు యంత్రము ఆఫీసులకు క్రొత్తగా వచ్చిన వస్తువు. కోటనుండి తప్పించుకొనిన హార్కరు జ్వరపీడితుడై బుడాపెస్టు నగరమున ఒక ఆసుపత్రిలో పడియుండగా, అచ్చటి సన్న్యాసిని ఆగథా వ్రాసిన జాబు నందుకొని, మీనా ఒంటరిగా దేశములు దాటి పోయి, రోగి మంచముప్రక్కనే అతనిని వివాహమాడి, ఇంటికి తోడ్కొని వచ్చును. ఇంతలో ఆమె ప్రియసఖి లూసీ డ్రాకులాకు బలియై మరణించును.

ఇకమీద మీనా చేసిన పనిని చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. డ్రాకులాను గూర్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క తునుక మాత్రమే తెలియును. హార్కరు కోటను చూచినాడు గాని లూసీ రోగమును చూడలేదు. వైద్యుడైన సీవర్డు లూసీ రోగమును చూచినాడు గాని, తన ఆసుపత్రికి ప్రక్కనున్న పాతయింటిని కొన్నవాడెవడో యెరుగడు. ఆ యిల్లు కొన్నవాడు డ్రాకులాయే! హార్కరు దినచర్య షార్టుహాండులో నున్నది. సీవర్డు దినచర్య ఫోనోగ్రాఫు మైనపు గొట్టములలో నున్నది. తక్కినది జాబులలోను, తంతివార్తలలోను, పత్రికల తునకలలోను చెదరియున్నది. మీనా వీని నన్నిటిని చేర్చి, చెవులకు గొట్టము తగిలించుకొని వైద్యుని మాటలు విని, తేదీల వరుసను టైపుచేసి, ఒక్కొక్కదానికి మూడు ప్రతులు తీసెను. అప్పుడుగాని ప్రక్కయింటి సంగతి సీవర్డునకు తట్టలేదు. మనము చదువు నవల యావత్తును ఆమె కూర్చిన ఆ కాగితముల కట్టయే.

ఆ కట్ట విలువను మిత్రులకంటె శత్రువు ముందుగా గ్రహించెను. డ్రాకులా ఒక రాత్రి ఇంటిలో జొరబడి, కాగితములను మైనపు గొట్టములను నిప్పులో వేసి కాల్చును. కాని ఇనుప పెట్టెలో మరియొక ప్రతి భద్రముగా నుండెను. కత్తియు, ఈటెయు, మంత్రమును కాక, ఒక ఉపాధ్యాయిని తీసిన నకలు ప్రతి అందరిని కాపాడెనని మనము గ్రహింపవలెను.

గ్రంథకర్తయందు దోషము లేదని నేననను. మీనాను మెచ్చుకొనునప్పుడు కూడ, ఆమెకు పురుషుని మెదడు కలదని నవలలోని పెద్దమనిషి మెచ్చుకొనును. స్త్రీకి స్త్రీ మెదడే చాలునని ఆయనకు తోచలేదు! అంతియేగాక, పని యంతయు ఆమెచేత చేయించుకొని, ఆపైన స్త్రీకి ఇట్టి ఘోరములు తగవని చెప్పి, పురుషులందరు ఆమెను ఆలోచనలనుండి తొలగింతురు. దాని ఫలమేమి? వారు ఆమెను విడిచి వేటకు పోయిన దినములలోనే డ్రాకులా ఆమెపై బడును. దాచుటవలన కాపాడలేరని, తెలియనియ్యకుండుటయే కీడు తెచ్చెనని కథయే నిరూపించుచున్నది.

దెబ్బతిన్న పిమ్మటను మీనా చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. డ్రాకులాకును తనకును ఏర్పడిన మానసిక సంబంధమునే ఆయుధముగా చేసికొనెను. తెల్లవారుటకు ముందు తనను యోగనిద్రలో నుంచి ప్రశ్నింపుమని వృద్ధ పండితుడగు వాన్ హెల్సింగును ఆమెయే కోరెను. నీటి చప్పుడు వినవచ్చుచున్నదని ఆమె చెప్పగా, శత్రువు ఓడలో పారిపోవుచున్నాడని తేలెను. రైళ్ల కాలపట్టిక ఆమెకు కంఠస్థము. కడపట దేశపటమును ముందిడుకొని, రోడ్డు, రైలు, నీరు అను మూడు మార్గములను తూచి, డ్రాకులా ఏ నదిపైని కోటకు మరలునో తర్కించి వ్రాసియిచ్చెను. పురుషులు ఆ వ్రాతను బట్టియే పోయి వానిని పట్టుకొనిరి.

ఇట్టి స్త్రీని తెర యేమి చేసెనో చూతము.

1922లో జర్మనీదేశమున మూర్నౌ అను దర్శకుడు ‘నాస్ఫెరాటు’ అను మూకీచిత్రమును తీసెను. అనుమతి లేక తీసినందున పేర్లు మార్చిరి. మీనా ఎలెన్ అయినది. గ్రంథకర్త భార్య వ్యాజ్యమాడగా, ప్రతులను నాశనము చేయవలెనని 1925లో తీర్పు వచ్చినను, కొన్ని మిగిలి నేటికిని ప్రదర్శింపబడుచున్నవి. ఇందలి ఎలెన్, భర్త వద్దన్న పుస్తకమును చదివి, నిష్కళంకయైన స్త్రీ కోడికూయువరకు పిశాచిని తనచెంత నిలిపినచో అది నశించునని తెలిసికొని, అట్లే నిలిపి ప్రాణములు విడుచును. ఆమె ధైర్యమును తక్కువచేయరాదు. అయినను, నవలలో మీనా ఆలోచించి గెలిచి బ్రతికెను. చిత్రములో ఎలెన్ మరణించి గెలిచెను. బుద్ధికి బదులుగా దేహమును బలిపెట్టుట ఇచ్చట మొదలైనది. 2024లో రాబర్ట్ ఎగర్సు అదే చిత్రమును మరల తీసినప్పుడును కడపటి గతి యిదియే.

1931లో అమెరికాలో యూనివర్సలు కంపెనీవారు తీసిన చిత్రము నాటకమునుండి పుట్టినది. రంగస్థలముపై దేశదేశములు తిరుగుట కుదరదు గనుక, నాటకకర్తలు కథను ఒక ఇంటి కూటపుగదిలోనికి కుదించిరి. చిత్రమునందు మీనా వైద్యుడైన సీవర్డు కుమార్తె. ఆమెకు ఉద్యోగము లేదు, షార్టుహాండు లేదు, టైపు యంత్రము లేదు. నిద్రలో నడచును, భయపడును, తుదకు నేలమాళిగనుండి పురుషులచే విడిపింపబడును. 1958లో ఇంగ్లండున హామర్ కంపెనీవారి చిత్రములో ఆమె ఒక గృహస్థుని భార్య. డ్రాకులా శవపేటిక ఆమె యింటి క్రింది కొట్టులోనే దాగియుండును. పేరు మాత్రము మీనా. నవలలోని మీనాకును ఈమెకును పోలిక లేదు.

1992లో కొప్పోలా అను దర్శకుడు తీసిన చిత్రము గ్రంథకర్త పేరునే తన పేరులో ధరించెను. ఇందు టైపు యంత్రము తిరిగి కానవచ్చును. కాని దానిని మించిన మార్పు వేరొకటి జరిగినది. మీనా డ్రాకులా పూర్వపు భార్యకు పునర్జన్మమని కల్పించి, వారిరువురకు ప్రణయమును కల్పించిరి. నవలలో డ్రాకులా మీనాకు చేసినది బలాత్కారము. ఆమె దానిని తలచుకొని గుండె పగుల నేడ్చును. తెరపై అదియే ప్రేమ యైనది! తనను హింసించినవానిని ద్వేషించు హక్కును కూడ ఆమెనుండి తీసివేసిరి. ఈ చిత్రమున వస్త్రాలంకారములు, దృశ్యములు మనోహరములే. కాని పిల్లలకు హాని చేయగల మార్పు ఏదియని నన్నడిగినచో, పిశాచి కోరలను చూపను, ఈ మార్పునే చూపుదును. వద్దన్నకొలది వెంటబడుటయే ప్రేమయని మన తెలుగు చిత్రములును అనేక పర్యాయములు బోధించినవి గదా! బస్సు దిగి బడికి నడచు బాలికకు దాని ఫలము బాగుగా తెలియును.

తెర యిట్లేల చేయుచున్నది? మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది కాలము. నాలుగువందల పుటల గ్రంథమును రెండు గంటలలో చూపవలెను గనుక, వ్రాయుట, చదువుట, పోల్చుట మొదలగు నిదానమైన పనులు ముందుగా కత్తెరకు చిక్కును. రెండవది ప్రతినాయకుని ఆకర్షణ. 1931 చిత్రమున డ్రాకులా వేషము ధరించిన బేలా లుగోసీ పేరు లోకమంతట మారుమ్రోగెను. నాటినుండి ఆ వేషముకొరకే కథను అల్లుట వాడుకయైనది. మూడవది రక్షణయందలి సులభమైన ఉల్లాసము. ఆపదలోని స్త్రీని వీరుడు విడిపించినచో ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. ఆమె తానే దారి కనిపెట్టినచో, ఆ దారి యెట్లు కనిపెట్టెనో చూపుటకు దర్శకునికి శ్రమ యెక్కువ.

నవల వేరు, చిత్రము వేరు, మార్చకుండ తీయుట అసాధ్యమని కొందరు వాదింతురు. మార్పు తప్పదనుట నిజమే. అయితే మార్పులన్నియు ఒకే దిక్కునకు ఏల జరుగుచున్నవి? వాన్ హెల్సింగు పాండిత్యము పెక్కు చిత్రములందు తగ్గలేదు. మీనా నేర్పు మాత్రము ఇంచుమించు ప్రతి చిత్రమునను తగ్గినది. 2020లో బి.బి.సి. వారు ఆ బుడాపెస్టు సన్న్యాసిని ఆగథానే వాన్ హెల్సింగుగా మార్చి, మిక్కిలి తెలివిగల స్త్రీగా చూపిరి. సంతోషమే. కాని అందులోను మీనాకు దక్కినది చిన్న పాత్రయే.

ఇది దూరదేశముల సంగతి మాత్రమే యనుకొనరాదు. మహాభారతమున అరణ్యపర్వమందలి సావిత్రి మృత్యువుతోనే తలపడిన స్త్రీ. ఆమె యముని కన్నీటితో గెలువలేదు, మాటతో గెలిచెను. ధర్మయుక్తముగా సంభాషించుచు, మామగారి చూపును రాజ్యమును, తండ్రికి సంతానమును, తుదకు తనకు సంతానమును వరముగా కోరి, భర్త బ్రతుకనిదే ఆ వరము చెల్లదని యముని తన మాటకే కట్టివేసెను. ఎంత గొప్ప న్యాయవాదమో చూడుడు! 1933లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున ఈ కథ తెలుగు టాకీగా వచ్చినప్పుడు, యమ వేషము ధరించిన వేమూరి గగ్గయ్యగారి కీర్తి ఊరూర వ్యాపించెను. సావిత్రి యనగానే మనకు పాతివ్రత్యము తోచును గాని ఆమె వాదనాపటిమ తోచకుండుటకు, ఇట్టి ప్రదర్శనముల పరంపరయు కొంత కారణమని నా తలంపు.

తెరకు చేతగాని పని కాదనుటకును మనయొద్దనే నిదర్శనము కలదు. 2009లో కోడి రామకృష్ణగారు తీసిన ‘అరుంధతి’ చిత్రమును చూడనివారు అరుదు. గద్వాల సంస్థానమున జరిగినట్లు చెప్పిన ఆ కథలో జేజెమ్మ దుష్టుని చంపినచో వాని ప్రేతము మరింత బలపడునని తెలిసి, చంపక సజీవముగా సమాధి చేయించును. తన యస్థికలతో చేసిన ఆయుధమే వానిని అంతము చేయునని తెలిసి, రాబోవు జన్మముకొరకు ముందుచూపుతో ప్రాణమర్పించును. ఆమెయు ప్రాణమర్పించినదే, అయినను ఎత్తుగడ ఆమెది, నిర్ణయము ఆమెది, మరల వచ్చి ముగించునదియు ఆమెయే. ప్రజలు ఆ చిత్రమును నెత్తిన బెట్టుకొనిరి. తెలివిగల స్త్రీని చూపిన జనము రారని చెప్పువారికి ఇంతకంటె ప్రత్యుత్తర మేమి కావలెను?

ఈ చర్చ మన ప్రాంతమువారికి మరింత అవసరము. రామచంద్రాపురమునుండి సంగారెడ్డివరకు రాజమార్గమునకు ఇరుప్రక్కలను కర్మాగారములు వెలసినవి. పటాన్‌చెరువద్ద మెట్టపంటలను పరిశోధించు ఇక్రిశాట్ సంస్థ 1972లో నెలకొనెను. పాశమైలారము, బొల్లారము ప్రాంతములలో మందుల కర్మాగారములు పెక్కు కలవు. వీనిలో వేకువ షిఫ్టునకును, రాత్రి షిఫ్టునకును పోవు తల్లులు, అక్కలు మన విద్యార్థుల యిండ్లలోనే యున్నారు. మందుల కర్మాగారమున ఒక నియమము కలదు. ప్రతి దశయందును ఎంత పదార్థము వేసిరి, ఎంత వేడి పెట్టిరి, ఏ వేళకు దింపిరి యను వివరములను అప్పటికప్పుడు బ్యాచ్ రికార్డులో వ్రాసి సంతకము చేయవలెను. ముఖ్యమైన దశలను వేరొకరు సరిచూచి సంతకము చేయవలెను. వ్రాయని పని చేయని పనితో సమానమని వారి సామెత. ఒక మాత్ర రోగికి కీడు చేసినచో, ఆ కాగితములను వెనుకకు త్రిప్పియే దోషము పుట్టిన చోటు కనిపెట్టుదురు.

మీనా చేసినది ఈ పనియే. తేదీల వరుసను వ్రాసి, ఒకదానితో నొకటి పోల్చి, రెండవ ప్రతి భద్రపరచి, కంటికి కానరాని కీడును కాగితముపై పట్టుకొనెను. ఇట్టి పనిని తెర కొట్టివేయుచో, మన యిండ్లలో ఇట్టి పనియే చేయు స్త్రీల గౌరవముకూడ పిల్లల కన్నులలో తగ్గును. రికార్డు పుస్తకము చంకబెట్టుకొని ఇంటికి తిరిగివచ్చు అక్కను చూచి తమ్ముడు ఆమె పని సామాన్యమనుకొనును. తెరపై ఊరక నిలుచున్న స్త్రీయే నాయిక యనుకొనును. ఆ అక్కయు క్రమముగా అట్లే అనుకొన మొదలిడును. నాకు భయము కలిగించునది పిశాచి కాదు, ఈ యపోహయే.

కావున నా మనవి సామాన్యమైనది. విద్యార్థులారా! చిత్రములు చూడవద్దని నేననను. చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ స్త్రీకి ఏమి తెలియును? ఈమె ఏమి చేసెను? ఈమె చేయనిచో కథ ఎచ్చట ఆగిపోవును? మూడింటికిని జవాబు దొరకనిచో, ఆ చిత్రము ఆమెకు అన్యాయము చేసినదని నిశ్చయింపవచ్చును. చిత్రమునకు మూలమైన గ్రంథము ఉన్నచో, దానిని తప్పక చదువుడు. డ్రాకులా నవల పై తరగతులవారికి తగినది. చిన్నవారు కొంతకాలము ఆగుట మంచిది.

తలిదండ్రులకు ఒక మాట. ఆడపిల్లలను కాపాడవలెనను తలంపుతో లోకపు సంగతులను వారినుండి దాచుట మనకు వాడుక. మీనా మిత్రులును సదుద్దేశముతోనే దాచిరి. కీడు ఆ సందుననే లోనికి వచ్చెను. పిల్లకు విషయము తెలుపుటయే కావలి. ఇక ఉపాధ్యాయులు, సాహిత్య సంఘ సమావేశములలో ఒక చిత్రమును, దాని మూలగ్రంథమును ప్రక్కప్రక్కన నిలిపి విద్యార్థులచేత చర్చింపజేసినచో, ఒక్క సాయంకాలమున పెక్కు పాఠముల ఫలము కలుగును.

తెర తనంతట తాను మారదు. ప్రేక్షకుడు అడిగినదానినే అది యిచ్చును. మన పాఠశాల బాలబాలికలలో కొందరైనను రేపు కథలు వ్రాయుదురు, చిత్రములు తీయుదురు. మీనాను తెరకెక్కించు భాగ్యము వారిలో ఎవరికైన కలిగినచో, ఆమె ముందర ఒక బల్లయు, దానిపై టైపు యంత్రమును, తేదీల వరుసను కూర్చిన కాగితముల కట్టయు తప్పక నుంచుదురుగాక.